నర్సమ్మలు ఎందుకు వెళ్ళిపోతున్నారని అడిగే ముందు

మొన్న సెలవుల్లో వచ్చినప్పుడు మలికిపురం దగ్గర ఒక పెళ్ళిలో, నాకు మావయ్య వరసయ్యే పెద్దాయన, రిటైరైన టీచరు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట అడిగారు. అత్తయ్యని ఈమధ్య టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారంట, రాత్రి ఫ్లోరు మొత్తానికి ఒకే అమ్మాయి, ఆ అమ్మాయికి ఇంకా కోర్సు కూడా పూర్తవ్వలేదంట, సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం వెనక్కొచ్చినా ఎవరూ చూడలేదు, చివరికి మావయ్యే కిందకెళ్ళి మెడికల్ షాపు కుర్రాణ్ణి తీసుకొచ్చారు. "మీరంతా పోయి అక్కడ తెల్లోళ్ళ ముసలాళ్ళకి సేవలు చేత్తన్నారు, మరి ఇక్కడ మా ముసలాళ్ళకి ఎవరు చేత్తారమ్మా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా బాధపడి అడిగారు. చుట్టూ వడ్డన జరుగుతోంది, అందరూ వింటున్నారు, అక్కడ ఏం చెప్పినా గొడవలా ఉంటుందని "నిజమే మావయ్యా" అని ఊరుకున్నా. కానీ సగమే నిజం అది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

నేను జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చేసి, భీమవరంలో ఒక నర్సింగ్ హోంలో, తర్వాత హైదరాబాదులో పనిచేసి, 2019లో ఇంగ్లండ్ వచ్చా. ఉత్తరం వైపు ఒక ఊళ్ళో మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. మంచి జీవితం కోసమే వచ్చా, ఆ మాట దాచుకోవాల్సిన పని లేదు. దొరికిందా అంటే దొరికింది. అయితే మనూళ్ళో అందరూ అనుకునే మంచి జీవితం వేరు, నాకు దొరికింది వేరు, మావయ్య ప్రశ్నకి జవాబు ఆ తేడాలోనే ఉందని నాకనిపిస్తోంది.

ముందు జీతం సంగతి

2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు ఆసుపత్రి నర్సుల జీతాల మీద కమిటీ వెయ్యమంది. ఆ కమిటీ 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకి నెలకి 20,000కి తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. నేను భీమవరంలో చేరింది ఆ సంవత్సరమే. నా చేతికి వచ్చింది 9,000. ఒరిజినల్ సర్టిఫికెట్లు డాక్టరుగారి బీరువాలో. మానేస్తానంటే ఇంకోళ్ళని చూపించి వెళ్ళమనేవాళ్ళు. ఇప్పుడు అక్కడ చేస్తున్న పిల్లలు ఫోన్లు చేస్తుంటారు కదా, వాళ్ళు చెప్పే జీతాలు వింటే ఆ 20,000 ఇంకా చాలామందికి కల లాంటిదే.

ఇక్కడ 2025-26లో బ్యాండ్ 5 నర్సుకి, అంటే కొత్తగా చేరే నర్సుని పెట్టే జీతపు మెట్టులో, మొదటి జీతం ఏడాదికి 31,049 పౌండ్లు. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే కళ్ళు తిరుగుతాయి, మార్చకుండా అద్దె, కౌన్సిల్ టాక్సు, పిల్లాడి నర్సరీ, కరెంటు, గ్యాసు కట్టుకుంటే నేలమీదికొస్తాం. మా ఆయన బీటెక్ చదివి ఇక్కడ వేర్‌హౌస్‌లో రాత్రిళ్ళు పనిచేస్తున్నారు. అయినా సరే, ఊళ్ళో ఇల్లు లేచింది, తమ్ముడి చదువు అయ్యింది, అది ఈ జీతం వల్లే. డబ్బు ముఖ్యం కాదు అని నేను అనను. డబ్బు లేని ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు.

మా అమ్మ కువైట్ వెళ్ళింది, ఇళ్ళల్లో పనికి, వీసా 20 మీద. నాకప్పుడు బడికెళ్ళే వయసు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, ఏ ఊరైనా తీసుకోండి, కువైట్ లేకపోతే మస్కట్, దుబాయ్ వెళ్ళిన ఆడమనిషి ఉన్న వీధి తప్పకుండా ఉంటుంది. నా జీఎన్ఎం ఫీజు అమ్మ పంపిన దినార్లే. నన్ను పెంచింది అమ్మమ్మ. అమ్మ వెళ్ళినప్పుడు ఈ పిల్లల్ని ఎవరు చూస్తారని ఒక్కరూ అడగలేదు, ఎవరి ఆడపిల్ల పెళ్ళికి ఎంత సర్దగలదో మాత్రం అడిగారు. కోనసీమలో వెళ్ళిపోవడం నాతో మొదలవ్వలేదు. ఇళ్ళు తుడవడానికి వెళ్తే తప్పనిపించనిది, చదువుకుని ఉద్యోగానికి వెళ్తే సేవ గుర్తొస్తోంది, ఎందుకో నాకు అర్థం కాదు.

డబ్బు ఒక్కటే అయితే హైదరాబాదులోనే ఉండిపోదును

హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రిలో జీతం పర్వాలేదు, ఓవర్‌టైం చేస్తే ఇంకొంచెం. అక్కడ కూడా నేను ఉండలేకపోయా. కారణం చెప్పాలంటే భీమవరం రోజుల్లోని ఒక రాత్రి గురించి చెప్పాలి.

పాలకొల్లు వైపు నుంచి వచ్చిన అమ్మాయి, సాయంత్రం సిజేరియన్ అయ్యింది. పన్నెండు దాటాక పల్స్ పెరుగుతోంది, 110, 118, 124. బీపీ పైది 90కి దిగింది. ప్యాడ్ మార్చిన అరగంటకే మళ్ళీ పూర్తిగా తడిసిపోయింది. ముఖం పాలిపోయి "దాహంగా ఉందండీ" అంటోంది. డాక్టరుగారి ఇల్లు పై అంతస్తులోనే. ఆయమ్మ నా చెయ్యి పట్టుకుని "ఇప్పుడు లేపితే తిడతారమ్మా, తెల్లారాక చెబుదాం" అంది. ఆవిడ చెడ్డదేం కాదు, ఆ ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళుగా చూసిన అనుభవంతో చెప్పింది. నేను ఫోన్ చేశా. ఎత్తలేదు. పైకెళ్ళి తలుపు కొట్టా. ఆయన వచ్చారు, ఇంజక్షన్లు పెట్టారు, రక్తం తెప్పించారు, ఆ పిల్ల బతికి బిడ్డనెత్తుకుని ఇంటికెళ్ళింది. కానీ అంతా సద్దుమణిగాక ఆ పిల్ల తాలూకు వాళ్ళ ముందే "నువ్వు డాక్టరువా నేను డాక్టర్నా? తలుపులు బాది వీళ్ళందరినీ భయపెడతావా?" అని అరిచారు. ఆ తర్వాత నాకు వరసగా నైట్ డ్యూటీలే పడ్డాయి. అది పోనివ్వండి, నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏంటంటే, నాతో పనిచేసే మిగతా పిల్లలు ఇద్దరు అది చూశారు, ఆ రోజు నుంచి బీపీ తగ్గితే వాళ్ళు ముందు పేషెంటు కోసం కాకుండా డాక్టరుగారి మూడ్ కోసం ఆలోచించడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఇక్కడి సంగతి. ప్రతి పేషెంటుకీ న్యూస్2 అని ఒక స్కోరు ఉంటుంది, రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళు 2012లో మొదలుపెట్టి 2017లో మార్చారు. ఊపిరి, ఆక్సిజన్, బీపీ, పల్స్, స్పృహ, జ్వరం, ఒక్కోదానికి మార్కులు. కలిపి 5 వస్తే డాక్టరు తొందరగా వచ్చి చూడాలి, 7 వస్తే ఎమర్జెన్సీ. ఒక తెల్లవారుజామున నా వార్డులో ఒక ముసలాయన, నిద్రపోతున్నట్టే ఉన్నాడు, పక్కన నిలబడి లెక్కపెడితే ఊపిరి నిమిషానికి 26. దానికి 3. ఆక్సిజన్ 93, దానికి 2. పల్స్ 114, దానికి 2. మొత్తం 7. బీపీ బాగానే ఉంది, జ్వరం లేదు, చూడ్డానికి ఏమీ కాలేదు. కొత్తగా వచ్చి నెలలే అయ్యింది, నా యాస నాకే భయం, అయినా ఫోన్ చేసి స్కోరు చెప్పా, చెప్పి "నాకు ఈయన బాగోలేడనిపిస్తోంది" అన్నా. డాక్టరు వచ్చింది, ఐసీయూ టీం నుంచి ఒకరు వచ్చారు, వచ్చిన డాక్టరు ముందు నన్నే అడిగింది, నీకు ఏమనిపిస్తోంది, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏంటి అని. నేను చెప్పింది రాసుకుంది. ఒకవేళ ఆయనకి ఏమీ లేదని తేలినా నన్ను ఎవరూ ఏమీ అనరు. స్కోరు 7 వచ్చాక పిలవకపోతేనే అడుగుతారు.

బాగుపడిన జీవితం అని నేను దేన్ని అంటున్నానంటే దీన్ని. రాత్రి మూడింటికి నాకు అనుమానం వస్తే ఫోన్ ఎత్తడానికి భయం లేకపోవడం. ఇంకా ఉన్నాయి, డ్యూటీ రోస్టర్ ముందే వస్తుంది, పొద్దున్న హ్యాండోవర్ ఇచ్చాక ఇంటికి పంపించేస్తారు, "ఇంకోళ్ళు రాలేదు, ఇంకో డ్యూటీ చెయ్" అని బలవంతపెట్టరు, అడుగుతారు, కుదరదంటే అక్కడితో అయిపోతుంది. బరువైన పేషెంటుని ఎత్తాలంటే హోయిస్ట్ అని ఎత్తే మిషను ఉంటుంది, నా నడుము విరగ్గొట్టుకోనక్కర్లేదు. ఏడాదికి 27 రోజుల సెలవు మొదటి రోజు నుంచీ ఉంది. కానీ వీటన్నిట్లోకీ పెద్దది ఆ ఫోనే.

ఇక్కడ అంతా బాగుందని కాదు

నేను ఇలా రాస్తే ఇంగ్లండ్ స్వర్గం అనుకునే పిల్లలుంటారు, అందుకని ఇది కూడా చెప్పాలి. చలికాలంలో బెడ్లు లేక కారిడార్లో స్ట్రెచర్ల మీద పెట్టి చూసిన రాత్రులున్నాయి, ఆ రాత్రుల్లో నేను ఎవరికీ న్యాయం చెయ్యలేను. అనుభవం ఎంతున్నా వచ్చాక ఆస్కీ అని ప్రాక్టికల్ పరీక్ష పాసవ్వాలి, అప్పటిదాకా నర్సు కింద జమ కాదు. మన దగ్గర రోజుకి ఎన్ని క్యాన్యులాలు (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సూది గొట్టాలు) వేసినా, ఇక్కడ మళ్ళీ ట్రైనింగ్ చేసి సంతకం పెట్టించుకునేదాకా చెయ్యి వెయ్యనివ్వరు. నాతో వచ్చిన మలయాళీ అక్కలు కొందరు అక్కడ ఐసీయూ ఇన్‌ఛార్జులుగా చేసినవాళ్ళు, ఇక్కడ ఇన్నేళ్ళ తర్వాత కూడా బ్యాండ్ 5లోనే ఉన్నారు, నిన్నమొన్న కాలేజీ నుంచి వచ్చిన పిల్లలు వాళ్ళని దాటి వెళ్ళిపోయారు. ఇది నాకు మింగుడుపడదు.

2024 ఆగస్టులో అల్లర్లు జరిగినప్పుడు సండర్లాండ్‌లో డ్యూటీకి టాక్సీలో వెళ్తున్న ఇద్దరు ఫిలిప్పీన్స్ నర్సుల మీద రాళ్ళు వేశారు. ఆ వారం మా మేనేజరు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఒంటరిగా బస్సెక్కొద్దని చెప్పింది. యూనిఫాం కనపడకుండా కోటు వేసుకోమంటే సరే అన్నా, మరి ముఖం ఎక్కడ పెట్టుకోను? తర్వాత 2025 మేలో, శాశ్వతంగా ఉండే హక్కుకి 5 ఏళ్ళు కాదు 10 ఏళ్ళు ఆగాలని పెడతామని ప్రభుత్వం ప్రకటించిన రోజు మా వార్డు టీ గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఈ దేశానికి మేం కావాలి, కానీ ఎంతవరకు కావాలో ప్రతి రెండేళ్ళకీ మార్చుకుంటుంది.

అమ్మమ్మ పోయినప్పుడు నేను వెళ్ళలేకపోయా. టికెట్ దొరికేసరికి అంతా అయిపోయింది. దీని గురించి ఇంతకంటే రాయలేను.

ఇవన్నీ లెక్కేసుకున్నా కూడా, మళ్ళీ ఆ వయసుకి వెళ్తే వస్తావా అంటే వస్తా.

మావయ్య మాటలో ఉన్న నిజం

ఆయన అన్నదాన్ని కొట్టిపారెయ్యలేను. ఒకప్పుడు బ్రిటన్ ఆరోగ్యశాఖ వాళ్ళే తమ నియమాల్లో రాసుకున్నారు, ఇండియాలో నాలుగు రాష్ట్రాల నుంచి నర్సుల్ని పనిగట్టుకుని రిక్రూట్ చెయ్యకూడదని, ఆ నాలుగులో ఆంధ్రప్రదేశ్ ఒకటి, మిగతావి మధ్యప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్. అప్పట్లో వాళ్ళ ప్రభుత్వ సాయం అందుకునే రాష్ట్రాలని ఆ నియమం. ఒక చేత్తో సాయం ఇస్తూ ఇంకో చేత్తో నర్సుల్ని తీసుకెళ్ళడం బాగోదని వాళ్ళకే అనిపించింది.

నా చదువుకి ప్రభుత్వం ఒక్క రూపాయి పెట్టలేదు, అంతా అమ్మ కష్టం, అని నేను చాలాకాలం వాదించేదాన్ని. ఈ మధ్య ఆ వాదన నాకే పూర్తిగా సరిపోవట్లేదు. నేను సూది వెయ్యడం నేర్చుకుంది కాకినాడ పెద్దాసుపత్రిలో. అక్కడికొచ్చేది ఎవరు? లంకల్లోంచి, ఏజెన్సీలోంచి, వేరే దారి లేక వచ్చినవాళ్ళు. మొదటిసారి నరం దొరక్క రెండుసార్లు గుచ్చితే ఒక ముసలావిడ "పర్లేదులే తల్లీ, నేర్చుకోవాలి కదా, ఇంకో చెయ్యి చూడు" అని చెయ్యి మార్చి ఇచ్చింది. ఆవిడ చేతి మీద నేర్చుకున్న పని ఇప్పుడు ఇంగ్లండ్ వాళ్ళకి చేస్తున్నా. ఆ బాకీ ఉంది, అమ్మ కట్టిన ఫీజుతో అది తీరదు.

కానీ ఆ బాకీ తీర్చుకోవడం అంటే ఆడపిల్లల్ని 9,000కి కట్టిపడెయ్యడం అయితే నేను ఒప్పుకోను. వెళ్ళకుండా ఆపేస్తే ఆ రాత్రి అత్తయ్య దగ్గర ట్రైనింగైన నర్సు ఉండేదా? ఉండేది కాదు. ఎందుకంటే ఆసుపత్రివాళ్ళు నర్సులు దొరక్క ఆ కోర్సు అవ్వని పిల్లని పెట్టలేదు, చవగ్గా వస్తుందని పెట్టారు. జీఎన్ఎం చేసి ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్ళు, బట్టల షాపుల్లో సేల్స్‌గా చేస్తున్నవాళ్ళు, పెళ్ళయ్యాక మానేసినవాళ్ళు మా బ్యాచ్‌లోనే ఎంతమందో. ఫారిన్ వెళ్ళినవాళ్ళ కంటే ఊళ్ళో ఉండి మానేసినవాళ్ళే ఎక్కువ. వాళ్ళని ఎవరూ లెక్కపెట్టరు.

ఇంకో విషయం పెద్దవాళ్ళకి గుర్తుచెయ్యాలి. మన జిల్లాల్లో నర్సు పని చాలాకాలం మిషన్ ఆసుపత్రుల చుట్టూనే ఉండేది, నరసాపురం, భీమవరం, పిఠాపురం, రాజమండ్రి. చేరింది ఎక్కువ మంది పేటల్లోని క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో "నర్సు పనా? రాత్రిళ్ళు డ్యూటీలా? ఎవరెవర్నో ముట్టుకోవాలా?" అని పంపేవాళ్ళు కాదు. సంబంధాల దగ్గర కూడా ఆ మాట వచ్చేది. ఇప్పుడు అదే ఇళ్ళల్లోంచి "అమ్మాయి యూకేలో స్టాఫ్ నర్సా, అయితే మాట్లాడదాం" అంటున్నారు. గౌరవం వచ్చింది ఆ పనికి కాదు, వీసాకి. అదే పని భీమవరంలో చేస్తున్న పిల్లకి ఇంకా ఆ గౌరవం లేదు, అత్తయ్య మంచం దగ్గర ఎవరూ ఎందుకు లేరో దీనిలోనే ఉంది.

డాక్టర్లు చెప్పే మాట

మా ఊరి డాక్టరొకాయనతో ఇదంతా మాట్లాడా. ఆయన మర్యాదస్తుడు, విన్నారు. "ఆరోగ్యశ్రీ బిల్లులు నెలల తరబడి రావు, ఇక్కడ కన్సల్టేషన్ ఫీజు ఎంతో నీకు తెలుసు, ఇంగ్లండ్ జీతాలు నేనెక్కడ్నుంచి తేనమ్మా" అన్నారు. నిజమే. ఇంగ్లండ్ జీతం ఎవరూ అడగట్లేదు. 20,000 ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వకుండా ఉన్నారు, అది వేరే సంగతి, రొయ్యల చెరువుల మీద, కాంప్లెక్సుల మీద పెట్టడానికి డబ్బున్న ఆసుపత్రులు నాకు తెలుసు. సరే, నిజంగానే లేనివాళ్ళని తీసుకుందాం. సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చెయ్యడానికి ఎంత ఖర్చవుతుంది? డ్యూటీ చార్టు నెల ముందు గోడకి అంటించడానికి? పల్స్ ఇంత దాటితే, బీపీ ఇంతకి తగ్గితే ఏ టైమైనా నన్ను లేపండి అని ఒక కాగితం మీద రాసి, కింద డాక్టరుగారు సంతకం పెట్టి, నర్సింగ్ స్టేషన్లో పెట్టడానికి? పేషెంటు తాలూకు వాళ్ళ ముందు నర్సుని తిట్టకుండా ఉండడానికి? ఇవి నాకు ఇంగ్లండ్‌లో దొరికినవాటిలో సగానికి పైనే, వీటికి పౌండ్లు అక్కర్లేదు. ఆయన ఆ కాగితం ఆలోచన బాగుందన్నారు. పెట్టారో లేదో మళ్ళీ వెళ్ళినప్పుడు చూస్తా, పెట్టకపోతే మళ్ళీ అడుగుతా.

అవన్నీ పెట్టినా కొందరు వెళ్తారు, నేనూ వెళ్ళేదాన్నేమో. కానీ ఇప్పుడు వెళ్తున్నవాళ్ళలో చాలామంది వెళ్ళట్లేదు, పారిపోతున్నారు. పారిపోయేవాళ్ళకి ఏజెంటు ఏం చెప్పినా నమ్మాలనిపిస్తుంది.

నన్ను అడిగే పిల్లలకి

అందుకే "అక్కా, కేరర్ వీసా ఉందంట, పద్దెనిమిది లక్షలంట, వెళ్ళనా" అని, నర్సుగా కాకుండా ముసలాళ్ళని చూసుకునే పనికి రావడం గురించి వచ్చే మెసేజీలు చూస్తే నాకు నిద్రపట్టదు. కొబ్బరి తోట అమ్మి ఇచ్చినవాళ్ళున్నారు. వచ్చాక కంపెనీలో పని గంటలే లేవు, తర్వాత ఆ కంపెనీ లైసెన్సు పోయింది, 60 రోజుల్లో వీసా ఇప్పించే ఇంకో కంపెనీని, అంటే స్పాన్సర్ని, వెతుక్కోవాలి, లేకపోతే వెనక్కి. జీఎన్ఎం చేసిన పిల్లలే వాళ్ళంతా. 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేరర్లని తీసుకోవడం బ్రిటన్ ఆపేసింది, ఇప్పుడు కూడా ఎవడైనా ఆ వీసా ఇప్పిస్తానంటే అబద్ధం.

నర్సుగా రావాలంటే దారి ఇది. ఓఈటీ, అంటే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లీషు పరీక్ష, రాయండి, లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లో బీ, రైటింగ్‌లో సీ ప్లస్ కావాలి. ఎన్ఎంసీకి, అంటే బ్రిటన్‌లో నర్సుల్ని రిజిస్టర్ చేసే కౌన్సిల్‌కి, మీరే అప్లై చేసుకోవచ్చు, వాళ్ళ కంప్యూటర్ పరీక్ష సీబీటీ హైదరాబాదులోనే రాయొచ్చు. ఉద్యోగం ఇచ్చే ఆసుపత్రి మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. మన చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే, రసీదుతో. గల్ఫ్ అయితే 2015 నుంచి నర్సులకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి వెళ్ళడానికి మన ప్రభుత్వ అనుమతి, తప్పనిసరి, విజిట్ వీసా మీద ఎక్కించేస్తామంటే ఎక్కొద్దు. విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్ర ప్రభుత్వానికి ఓమ్‌క్యాప్ అని సంస్థ ఉంది, ముందు అక్కడ కనుక్కోండి. కాంట్రాక్టులో మధ్యలో మానేస్తే ఎంత కట్టాలని ఉందో చదివాకే సంతకం పెట్టండి, అర్థం కాకపోతే ఫోటో తీసి నాకు పంపండి, నైట్ డ్యూటీలో ఉన్నా బ్రేకులో చూసి చెబుతా.